ముసురు రాత్రులకి ప్లమ్ పుడింగ్: పొగ పట్టిన పైపు పొగాకు ఎలా ఉందంటే

మా బావ సియాటిల్ నుంచి వస్తూ నాకోసం ఒక డబ్బా తెచ్చాడు. సియాటిల్ పైప్ క్లబ్ వాళ్ల ప్లమ్ పుడింగ్, 2 ఔన్సులది, అంటే 57 గ్రాములు. జూలైలో తెరిచాను, ఇప్పటికి సగం అయిపోయింది, కాబట్టి ఒక్కసారి తాగి చెప్తున్న మాట కాదు. మా పర్లాకిమిడిలో పైపు తాగేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది, చుట్ట తాగిన తాతలూ అమ్మమ్మలూ మాత్రం దాదాపు ప్రతి ఇంటా ఉండేవాళ్లు, అందుకని చుట్ట వాసన తెలిసినవాళ్లకి బోధపడేలా రాస్తున్నాను.

డబ్బా మూత తీయగానే వంటింట్లోంచి మా అమ్మ "ఏట్రా అది, గుగ్గిలం ఏసినావా?" అని అడిగింది. నేను అరగంట ఆలోచించినా అంత సరైన మాట దొరికేది కాదు. నిప్పుల మీద గుగ్గిలం చల్లితే మొదట లేచే ఘాటు ఉంటుంది చూడండి, అదే. దాని వెనకాల కట్టెల పొయ్యి పైన దండేనికి కట్టిన ఎండుచేపల వాసన, ఇంకాస్త ముక్కు దగ్గర పెట్టుకుంటే ఖర్జూరం లాంటి తీపి, కొంచెం పులుపుతో. పేరులో ప్లమ్ ఉంది కదా అని పళ్ల సెంటు కొట్టిన పొగాకు అనుకోకండి, నా ముక్కుకి అలాంటిదేమీ తగల్లేదు.

ఈ పొగ వాసన లటాకియా అనే ఆకుది. సిరియాలోని లటాకియా రేవు పేరే దానికి వచ్చింది, ఇప్పుడు పైపు పొగాకుల్లో వాడేది ఎక్కువగా సైప్రస్ రకం. ఆకుని ముందు ఎండబెట్టి, తర్వాత కొట్టంలో వేలాడదీసి, కింద పైన్ కట్టెలూ, మస్తకి లాంటి జిగురు కారే పొదల కొమ్మలూ రాజేసి, ఆకు నల్లబడే దాకా పొగ పెడతారు. రూమీ మస్తకి మన మూలికల దుకాణాల్లో దొరుకుతుంది కదా, ఆ జిగురిచ్చే పొదే. అందుకే మా అమ్మకి గుగ్గిలం గుర్తొచ్చి ఉంటుంది, రెండూ చెట్టు జిగురులే. ఒంగోలు వైపు వర్జీనియా పొగాకు ఆరబెట్టే బ్యారన్లు చూసినవాళ్లకి తేడా ఇట్టే తెలుస్తుంది, అక్కడ గొట్టాల వేడే ఆకుకి తగలాలి గాని పొగ తాకకూడదు, ఇక్కడ పొగ పట్టించడం కోసమే ఇంత తతంగం.

ప్లమ్ పుడింగ్‌లో లటాకియా ఒక్కటే లేదు. వర్జీనియా, టర్కీ ఆకు, ఆవిరి పట్టి నల్లగా చేసిన బ్లాక్ కావెండిష్, కొంచెం పెరీక్ ఉన్నాయి. పెరీక్ గురించి ఒక మాట చెప్పాలి. అమెరికాలో లూసియానా రాష్ట్రం, సెయింట్ జేమ్స్ అనే చిన్న ప్రాంతంలో ఆకుని పీపాల్లో కుక్కి, పైన గట్టిగా బిగించి, దాని రసంలో దాన్నే నెలల తరబడి ఊరబెడతారు. మన ఆవకాయ జాడీ తెలిసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. మిరియపు ఘాటు, ఊరిన పులుపు రెండూ దాని నుంచి వస్తాయి.

వీటన్నిటినీ తరిగి, కలిపి, బరువు కింద నొక్కి అచ్చులా చేస్తారు. డబ్బాలో ఉండేది ముదురు గోధుమ రంగు దిమ్మ, అక్కడక్కడ బంగారు రంగు చారలతో, పక్క నుంచి చూస్తే పొరలు పొరలుగా మామిడి తాండ్ర ముక్కలా ఉంటుంది. దీన్ని క్రంబుల్ కేక్ అంటారు. ప్లగ్ అనే గట్టి దిమ్మ రకానికి కత్తి కావాలి, దీనికి బొటనవేలు చాలు, మూలన నొక్కితే పొడిపొడిగా రాలుతుంది. అలా నొక్కి ఉంచడం వల్ల లాభమేంటంటే ఆకుల రుచులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, విడిగా కలిపిన మిశ్రమాల్లో ఒక దమ్ములో పొగ, ఇంకో దమ్ములో తీపి వస్తూ ఉంటుంది, ఇందులో అలా విడివిడిగా రావు.

తేమ దగ్గర జాగ్రత్త. డబ్బాలోంచి తీసింది తీసినట్టు నింపితే మా వైపు వానాకాలంలో అసలు వెలగదు, మహేంద్రతనయ ఏరు పొంగే రోజుల్లో ఉప్పు డబ్బాలో ఉప్పే ముద్దవుతుంది, పొగాకు సంగతి చెప్పేదేముంది. మొదటి రెండుసార్లు అలాగే చేసి, ఏడెనిమిది అగ్గిపుల్లలు గీసి, పైపు అడుగున నీరు చేరి గుడగుడలాడి, నాలుక చురుక్కుమని సగంలో పారబోశాను. తప్పు పొగాకుది కాదు. ఇప్పుడేం చేస్తున్నానంటే, పైపు గిన్నెకి సరిపడా, అంటే రెండున్నర గ్రాములు, పొడి చేసి అడ్డాకు డొప్పలో పరిచి గంటన్నర వదిలేస్తున్నాను. రెండు వేళ్లతో చిదిమితే అంటుకోకుండా విడిపోవాలి, నలిపితే నుసి కాకూడదు, అప్పుడు సిద్ధం. అడుగున వదులుగా, పైన కొంచెం గట్టిగా నింపాలి. వెలిగించాక పొగాకు ఉబ్బి పైకొస్తుంది, దాన్ని అదిమి మళ్లీ వెలిగించాలి. అదమడానికి మా ఊరి కొమ్ము పనివారి దగ్గర గేదె కొమ్ముతో చిటికెన వేలంత గూటం ఒకటి చేయించుకున్నాను. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు అందరూ కొంటారు, ఇలాంటి పనికొచ్చే చిన్న వస్తువు అడిగినా చక్కగా చేసిస్తారు. నున్నగా ఉంటుంది, బూడిద అంటదు.

రుచి. మొదటి పది నిమిషాలు పొగదే రాజ్యం, తంపట వేసిన పొలం గట్టున నిలబడ్డట్టు ఉంటుంది. గుమ్మా వైపు నుంచి వచ్చే సవర స్నేహితుడు ఒకడున్నాడు, ఇంట్లో చుట్టుకున్న పికా, అంటే ఆకు చుట్ట, తాగేవాడు, ఇక్కడి నాటు ఆకు ఘాటు అలవాటైన మనిషి. వాడికి పైపు ఇస్తే రెండు దమ్ములు లాగి "ఇందులో ఆకు కంటే కట్టె ఎక్కువుంది" అన్నాడు. ఆ మొదటి పది నిమిషాల వరకు వాడి మాట నిజం. కానీ సగానికి వచ్చేసరికి పొగ వెనక్కి తగ్గి, వర్జీనియా తీపి, కాల్చిన రొట్టె అంచులాంటి రుచి పైకొస్తాయి, పెరీక్ మిరియం గొంతు వెనక సన్నగా తగులుతుంది. నాకు ఈ పొగాకు నచ్చింది ఆ సగం కోసమే. ఆ రుచి కావాలంటే మెల్లగా లాగాలి, నిమిషానికి ఒకటి రెండు దమ్ములు, అంతే. గబగబా లాగితే తీపి మాడిపోయి ఒట్టి బూడిద మిగులుతుంది. చివరి భాగం నాకు అంత నచ్చలేదు, చేదెక్కుతుంది, అక్కడ ఆపేస్తాను. బలం మధ్యస్థం, పికా ముందు చాలా మెత్తన, అయినా ఖాళీ కడుపుతో తాగితే తల తిరుగుతుంది, భోజనం తర్వాతే మంచిది.

పొగని లోపలికి పీల్చను, నోట్లో తిప్పి వదిలేస్తాను, వారానికి ఒక్కసారి మించను. అలా అని ఇది హాని లేనిదని చెప్పడం లేదు. మా అమ్మమ్మ శ్రీకాకుళం తీరంలో పుట్టింది, అక్కడి ఆడవాళ్లలాగే చుట్ట నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగేది, ఆఖరి ఏళ్లలో అంగిట్లో పుండుతో కారం తగిలితే కన్నీళ్లు పెట్టుకునేది. అలవాటు లేనివాళ్లు ఈ రాత చూసి మొదలుపెట్టొద్దు, ఇప్పటికే పైపు ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను.

వాళ్లకైతే గట్టిగా చెప్తాను, పొగ పట్టిన పొగాకులు ఎలా ఉంటాయో తెలుసుకోవాలంటే దీనితో మొదలుపెట్టొచ్చు. గది వాసన మాత్రం రెండు రోజులు పోదు, మా ఆవిడ పరుపు బట్టలు ఉతికించింది, అప్పటి నుంచి వెనక వరండాలోనే. పళ్ల తీపి వాసనల పైపు పొగాకులు ఇష్టపడేవాళ్లు మాత్రం ముందు ఎవరి దగ్గరైనా ఒక్క గిన్నె తాగి చూడండి, లేకపోతే డబ్బా డబ్బులు ఊరికే పోతాయి. 57 గ్రాములకి నా లెక్కన ఇరవై పైచిలుకు గిన్నెలు వస్తాయి.

తెరిచాక ఆ రేకు డబ్బాలో ఉంచకండి, మూత సరిగ్గా పట్టదు. నేను రబ్బరు చుట్టున్న గాజు సీసాలోకి మార్చి, పైన తేదీ రాసి బీరువాలో పెట్టాను. లటాకియా ఏళ్లు గడిచే కొద్దీ మెత్తబడుతుంది, వర్జీనియా తీపెక్కుతుంది, అందుకని నాలుగు గిన్నెల సరుకు విడిగా ఇంకో చిన్న సీసాలో దాచాను, వచ్చే ఏడు జూలై వానల దాకా దాన్ని తెరవను.