బ్యాంకు లావాదేవీలు యాప్‌లోకి రావాలంటే: ఏపీఐ మేలా, స్టేట్‌మెంట్ ఫైలు మేలా?

ఖర్చుల లెక్కకు సొంతంగా యాప్ రాసుకుందామనుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ప్లెయిడ్ లాంటి అగ్రిగేటర్ (పలు బ్యాంకుల డేటాను ఒకచోట అందించే సంస్థ) ఏపీఐ, అంటే యాప్ నేరుగా డేటా అడిగి తెచ్చుకునే మార్గం, తీసుకోవాలా, బ్యాంకు ఇచ్చే సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక), ఓఎఫ్‌ఎక్స్ (లావాదేవీల కోసమే చేసిన ఫైలు రూపం) ఫైళ్లు ఎక్కించుకుంటే సరిపోతుందా?

సౌకర్యంలో ఏపీఐదే పైచేయి, వాదన అక్కర్లేదు. కానీ నా మటుకు తేల్చేది అది కాదు. ఒకే ఖర్చు రెండుసార్లు ఎక్కకూడదు, ఏదీ జారిపోకూడదు. బ్యాలెన్స్ ఒక్కసారి తేడా వస్తే ఆ యాప్ మీద నమ్మకం పోయినట్టే.

ఏపీఐలో చిక్కంతా పెండింగ్ (ఇంకా ఖరారు కాని) లావాదేవీలతోనే. పెట్రోల్ బంకులో కార్డు పెడితే చాలాచోట్ల ముందు ఒక అంచనా మొత్తాన్ని హోల్డ్ చేస్తారు. అసలు మొత్తం తర్వాత పోస్ట్ అవుతుంది (ఖాతాలో ఖరారుగా నమోదవుతుంది), అదీ కొత్త ఐడీతో. తేదీ కూడా మారొచ్చు. ప్లెయిడ్ సింక్‌లో కొత్తవి, మారినవి, తీసేసినవి విడివిడిగా వస్తాయి; పోస్ట్ అయిన రికార్డు, జత దొరికితే, పాత పెండింగ్ ఐడీని చూపిస్తుంది. చాలామంది కొత్తవి చేర్చుకుని, తీసేసినవాటిని వదిలేస్తారు. నెలాఖరుకు ఖర్చు ఉబ్బి కనిపించేది అందుకే. పైగా పాత రికార్డుకు యూజర్ పెట్టిన కేటగిరీని కొత్తదానికి మార్చకపోతే అతని శ్రమంతా వృథా.

ఫైలులో సాధారణంగా పోస్ట్ అయినవే ఉంటాయి కాబట్టి ఈ టెన్షన్ తక్కువ. ఓఎఫ్‌ఎక్స్ అయితే ప్రతి లావాదేవీకి ఎఫ్‌ఐటీఐడీ అనే గుర్తు ఉంటుంది. సీఎస్‌వీలో చాలావరకు ఏ ఐడీ ఉండదు. తేదీ, మొత్తం, వివరణ కలిపి హ్యాష్ చేస్తే (వాటి నుంచి ఒక గుర్తు లెక్కగడితే), ఒకే రోజు ఒకే ధరకు కొన్న రెండు బస్సు టికెట్లు ఒకటైపోతాయి. ఆ రోజు అది ఎన్నో సారో కూడా హ్యాష్‌లో కలపాలి. ఫైలు ఎక్కించాక ప్రారంభ నిల్వకు లావాదేవీలన్నీ కలిపితే ముగింపు నిల్వ రావాలి. రాకపోతే ఆ ఫైలును మొత్తంగా వెనక్కి కొట్టడమే.

ఏపీఐకి అనుమతుల గడువు ఇంకో తలనొప్పి. యూరప్‌లో పీఎస్‌డీ2 (చెల్లింపు సేవల చట్టం) కింద మళ్లీ లాగిన్ అవ్వాల్సిన గడువు 90 రోజులుండేది, 2023 జులై నుంచి 180 అయింది. యూజర్ ఎదురుగా లేనప్పుడు మామూలుగా 24 గంటల్లో నాలుగుసార్లకు మించి డేటా అడగలేం. భారత్‌లో అకౌంట్ అగ్రిగేటర్ వ్యవస్థ (యూజర్ అనుమతితో బ్యాంకు డేటాను మరో సంస్థకు చేర్చేది) బాగానే ఉంది కానీ, డేటా తీసుకునే సంస్థ ఆర్‌బీఐ, సెబీ లాంటి నియంత్రణ సంస్థ కింద ఉండాలి. ఇంట్లో కూర్చుని కోడ్ రాసేవాళ్లకు అది నేరుగా అందదు.

అందుకే సొంత వాడకానికైతే నా ఓటు ఫైలుకే. వారానికోసారి డౌన్‌లోడ్ చేసుకోవడం పెద్ద పనేం కాదు. పదిమందికి ఇచ్చే యాప్ అయితే ఏపీఐ తప్పదు. అప్పుడు పెండింగ్‌వి వేరే టేబుల్‌లో పెట్టి, మొత్తాల్లో కలపకుండా చూపించండి.

ఈ రెండూ కాక బ్యాంకు పంపే ఎస్ఎంఎస్‌లను యాప్‌తో చదివించే దారి కూడా ఉంది; అది ఆండ్రాయిడ్‌లోనే కుదురుతుంది, మెసేజ్ తీరు మారితే ఆగిపోతుంది. ఇక పాస్‌వర్డ్ తీసుకుని బ్యాంకు సైటులోకి లాగిన్ అయ్యే స్క్రీన్ స్క్రేపింగ్ జోలికి వెళ్లకండి.