ట్రమడాల్ 50 ఎంజీ: ఆపరేషన్ నొప్పికి ఓకే, రోజూ వేసుకోవడానికి మాత్రం వద్దు

మోకాలి ఆపరేషన్ తర్వాత నాకు ఈ క్యాప్సూల్సే రాసిచ్చారు, మా అక్క నడుం నొప్పికి చాలాకాలం వాడింది, అందుకే దీని మంచీ చెడూ రెండూ దగ్గర్నుంచి చూశాను.

నొప్పి తగ్గించడంలో వంక పెట్టలేను. వేసుకున్న గంటకల్లా కాలు కదిలించగలిగాను, రాత్రి నిద్రపట్టింది. మొదట్లో వాంతి వచ్చినట్టుంటుంది, తల తిరుగుతుంది, మలబద్ధకం కూడా.

కానీ ఇది పారాసిటమాల్ లాంటి మందు కాదు. ఓపియాయిడ్, అంటే మార్ఫిన్ జాతి. "తక్కువ పవర్‌దేలే" అనే ధీమా మామూలు జనానికే కాదు, ప్రభుత్వాలకీ ఉండేది. అమెరికాలో 1995లో అనుమతి ఇచ్చిన ఈ మందును కంట్రోల్డ్ మందుల జాబితాలో, అంటే అలవాటయ్యే ప్రమాదం ఉందని అదుపులో పెట్టే మందుల జాబితాలో, చేర్చింది 2014లో. లివర్ దీన్ని ఇంకో పదార్థంగా మారుస్తుంది, మెదడులోని ఓపియాయిడ్ రిసెప్టర్లను, అంటే ఈ జాతి మందులు అతుక్కుని పనిచేసే చోట్లను, గట్టిగా పట్టుకునేది అదే. కొందరి ఒంట్లో ఈ మార్పు మరీ వేగంగా జరుగుతుంది కాబట్టి వాళ్లకి మామూలు డోసే ఎక్కువైపోవచ్చు, మీ స్ట్రిప్‌లోంచి ఒకటి తీసి ఇంకొకరికి ఎప్పుడూ ఇవ్వకండి. పైగా ఇది కొన్ని డిప్రెషన్ మందుల్లాగే మెదడులో మూడ్‌ని నడిపే సెరటోనిన్ అనే రసాయనం మీద కూడా పనిచేస్తుంది. నన్నడిగితే అసలు చిక్కు ఇక్కడే, నొప్పితో పాటు టెన్షన్ కూడా తగ్గినట్టుంటే నొప్పి పోయాక కూడా చెయ్యి స్ట్రిప్ దగ్గరికే వెళ్తుంది.

అక్కకి జరిగింది అదే. మొదట నడుం పట్టేసిన రోజు వేసుకునేది, తర్వాత నొప్పి వస్తుందేమోనని ముందే వేసేసుకునేది, చివరికి ఆఫీసులో మాట పడ్డా, నిద్ర పట్టకపోయినా అదే మందు. ఒంటికి అలవాటైపోయి ఒకటి సరిపోక రెండు వేసుకోవడం మొదలైంది. నడుం ఎలా ఉందని ఒక్కసారి కూడా పరీక్షించకుండా చీటీ మీద చీటీ రాసిన డాక్టర్ మీద నాకు ఇప్పటికీ కోపమే.

మందు అయిపోయి ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు చూడాలి. ముందు ఆగకుండా ఆవులింతలు, కళ్లూ ముక్కూ కారుతుంటే జలుబనుకున్నాం. రాత్రికి దుప్పటి కప్పితే చెమటలు, తీస్తే వణుకు, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి, కాళ్లు ఒక్కచోట నిలవక మంచం మీద అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంది. "మనసు గట్టి చేసుకో" అని ఇంట్లో ఒకరంటే నాకు ఒళ్లు మండింది, ఒంట్లో రసాయనాలు తారుమారైతే మనసేం చేస్తుంది? వేరే డాక్టర్ డోసు కొన్ని వారాల పాటు కొద్దికొద్దిగా తగ్గిస్తూ, నడుముకి ఫిజియోథెరపీ చేయిస్తూ మాన్పించారు. రోజూ వాడుతున్నవాళ్లు మీ అంతట మీరు టక్కున ఆపకండి, డాక్టర్‌తో దాచకుండా చెప్పండి.

ఇంకొన్ని గట్టిగా చెప్పాల్సినవి ఉన్నాయి. మద్యంతో, నిద్రమాత్రలతో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం పోవచ్చు. వయోజనులకి రోజుకి 400 ఎంజీ గరిష్ఠం, అది దాటితే ఫిట్స్ వచ్చే ప్రమాదం బాగా పెరుగుతుంది, డిప్రెషన్ మందులు వాడేవాళ్లకి మామూలు డోసులోనూ రావచ్చు. ఓపియాయిడ్ ఓవర్‌డోసుకి ఇచ్చే నాలోక్సోన్ దీని ప్రభావాన్ని పూర్తిగా తిప్పికొట్టలేదు. నెమ్మదిగా కరిగే రకం మాత్రను నలిపితే రోజంతా పనిచేయాల్సిన మందు ఒకేసారి ఒంట్లోకి దిగుతుంది. 12 ఏళ్ల లోపు పిల్లలకి అసలు ఇవ్వకూడదు. అన్నిటికంటే భయపెట్టేది ఏంటంటే, కొన్నాళ్లు మానేసినవాళ్లు మళ్లీ పాత డోసు వేసుకోవడం, అప్పటికి ఒంటికి ఆ తట్టుకునే శక్తి పోయి ఉంటుంది.

రేటింగ్ అంటారా, ఆపరేషన్ తర్వాత కొద్ది రోజులు డాక్టర్ చెప్పిన లెక్కలో వాడితే నాలుగు స్టార్లు. ఏళ్ల తరబడి ఉండే నడుం నొప్పికైతే ఒకటే. నొప్పి తగ్గాక మిగిలిన క్యాప్సూల్స్ "ఎప్పుడైనా పనికొస్తాయి" అని డబ్బాలో దాచకండి, వెనక్కి తీసుకునే మందుల షాపు ఉంటే అక్కడ ఇచ్చేయండి.