రీజెన్సీ ప్రేమ నవలలు: మూసలో ఇమడని జంటల్లో ఎవరి కథ మేలు?

రీజెన్సీ నవల అనగానే ఓ పొగరుబోతు డ్యూక్, పదిమందిలో మెరిసిపోయే అమ్మాయి, లండన్‌లో కొవ్వొత్తుల వెలుగులో డాన్సు గుర్తొస్తాయి. యద్దనపూడి నవలలతో పెరిగిన మనకు ఆరడుగుల అందగాడి మీద మోజు కొత్తదేమీ కాదు. నాకూ ఆ మోజు ఉంది. కానీ ఈ నవలల్లో నేను మళ్లీ మళ్లీ తెరిచేవి మాత్రం వేరే. బొద్దుగా ఉండే హీరోయిన్, చూపు లేని హీరో, పుస్తక జ్ఞానం అంతంతమాత్రంగా ఉన్న మంచివాడు ఉండేవి. వాటిలో ఏది ముందు చదవాలి, ఏది నిజంగా గొప్పది అన్నదే ఇక్కడ ప్రశ్న. పోల్చాలంటే ముగింపులు కొంత చెప్పక తప్పదు.

ముందు కాలం సంగతి. బ్రిటన్ రాజు మూడో జార్జ్ మతి చలించడంతో ఆయన కొడుకు 1811 నుంచి 1820 వరకు రాజప్రతినిధిగా పాలించాడు. అదే రీజెన్సీ. అందులో సగం కాలం నెపోలియన్‌తో యుద్ధమే. పెళ్లయిన స్త్రీకి విడిగా ఏర్పాటు చేసి ఉంటే తప్ప, ఆమె డబ్బంతా చట్టప్రకారం భర్తదే. అలాంటి చోట అందం, ఆస్తి, ఆరోగ్యం ఈ మూడింటిలో ఏది తక్కువైనా సంబంధం కుదరడం కష్టం. కాబట్టి మూసలో ఇమడని మనిషికి ప్రేమకథ రాయాలంటే రచయిత్రికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఆఖరి పేజీ దాకా నిలిచిందా లేదా అన్నదే నా కొలత. కళ్లజోడు తీయగానే అందగత్తెగా మారిపోయే అమ్మాయి, ప్రేమలో పడగానే గాయం నయమైపోయే సైనికుడు ఉన్న నవలల్ని నేను లెక్కలోకి తీసుకోను.

జార్జెట్ హేయర్ 1953లో రాసిన ‘కొటిలియన్’తో మొదలుపెడదాం. పిసినారి సంరక్షకుడు తనకు మనవళ్ల వరస అయ్యే కుర్రాళ్లలో ఒకణ్ని చేసుకుంటేనే కిట్టీకి ఆస్తి ఇస్తానంటాడు. ఆమె మనసు వాళ్లలో జాక్ మీద ఉంది. మామూలు నవలలో హీరో అతనే అయ్యేవాడు: అందగాడు, జూదరి, ఆడవాళ్ల మనసు దోచేవాడు. అతనికి బుద్ధి చెప్పాలని ఆమె వాళ్లలోనే ఇంకొకడైన ఫ్రెడ్డీతో ఉత్తుత్తి నిశ్చితార్థం చేసుకుంటుంది. ఫ్రెడ్డీకి బట్టల గురించి తెలిసినంత ఇంకేదీ తెలియదని ఇంట్లోవాళ్ల అభిప్రాయం. లార్డ్ ఎల్గిన్ అనే బ్రిటిష్ రాయబారి గ్రీస్ నుంచి తెచ్చిన పాలరాతి శిల్పాలు చూపిస్తే, తలలు లేని బొమ్మలకు డబ్బు తీసుకున్నారని బాధపడే రకం. కానీ ఎవరికి ఏం ఇబ్బందో కనిపెట్టి, ఎదుటివాళ్లు చిన్నబోకుండా దాన్ని చక్కబెట్టడం అతనికి వచ్చు. మంచితనమే ఒక తెలివి అని ఇంత హాయిగా చెప్పిన ప్రేమకథ ఇంకోటి నేను చదవలేదు. చిక్కల్లా భాషతోనే. ఫ్రెడ్డీ మాటల నిండా ఆ కాలపు యాస, నుడికారం. స్కూల్లో ఇంగ్లిష్ నేర్చుకుని చదివేవాళ్లకు మొదటి యాభై పేజీలు బరువుగా సాగుతాయి. సగం జోకులు చేజారితే ఈ పుస్తకంలో సగం పోయినట్టే.

అదే హేయర్ 1961లో రాసిన ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’ దారి పూర్తిగా వేరు. కెప్టెన్ ఆడమ్ డెవెరిల్ తండ్రి చనిపోతే యుద్ధం నుంచి తిరిగొస్తాడు. చేతికొచ్చింది విస్కౌంట్ బిరుదు, కొండంత అప్పు. తను ప్రేమించిన అందాల జూలియాను వదులుకుని, లండన్ వ్యాపారి చాలీ కూతురు జెన్నీని డబ్బు కోసం పెళ్లాడతాడు. జెన్నీ పొట్టి, లావు, సిగ్గు ఎక్కువ. జూలియాకు స్నేహితురాలు కూడా. ఆడమ్‌ను ఎప్పటినుంచో ఇష్టపడుతోంది, పైకి చెప్పదు.

ఇందులో జెన్నీ అందగత్తె కాదు, అవ్వదు. కొత్త గౌను, కొత్త జడ ఆమెను మార్చేయవు. ఆమె చేసేదల్లా ఇల్లు నడపడం, అతనికి ఏది ఇష్టమో గమనించడం, అతను జూలియాను తలుచుకుంటున్నాడని తెలిసీ నోరు మెదపకుండా ఉండటం. ఆడమ్ ఏమో లింకన్‌షైర్‌లోని తన పొలాల్లో కొత్త వ్యవసాయ పద్ధతుల గురించి కలలు కంటుంటాడు. భార్యాభర్తల మధ్య మాటలు పెరిగేది కూడా అలాంటి విషయాల మీదే. చాలీగారైతే నవలకే పెద్ద సొత్తు. గొంతు పెద్దది, చేయి ఇంకా పెద్దది. అడగని కానుకలతో అల్లుణ్ని ఉక్కిరిబిక్కిరి చేస్తాడు. మామగారి డబ్బు మీద బతుకుతున్నానన్న బాధ ఆడమ్‌ను ఎంత తినేస్తుందో హేయర్ చాలా ఓపికగా చూపిస్తుంది. 1815లో నెపోలియన్‌తో జరిగిన వాటర్లూ యుద్ధంలో ఓడిపోయామన్న పుకార్లకు ప్రభుత్వ బాండ్ల ధర పడిపోతుంటే మామగారు అమ్మేయమంటాడు. ఆడమ్ తన పాత సేనాని వెల్లింగ్టన్‌ను నమ్మి కొంటాడు. ఆ లాభంతోనే మామగారి ముందు మొదటిసారి తలెత్తుకోగలుగుతాడు. అప్పుడు కూడా అతను జెన్నీ దగ్గరికే వస్తాడు.

చాలామంది పాఠకులు ఈ నవలలో ప్రేమే లేదంటారు. నేను ఒప్పుకోను. పెద్దలు కుదిర్చిన పెళ్లితో మొదలై, ఒకరి అలవాట్లు ఒకరికి తెలిసి, ఏ రోజు ప్రేమ పుట్టిందో చెప్పలేని కాపురాలు మన ఇళ్లలో ఎన్ని లేవు? జెన్నీని అర్థం చేసుకోవడానికి మనకు ఎవరూ వివరించాల్సిన పనిలేదు.

మూడోది మేరీ బాలోగ్ 2013లో రాసిన ‘ది అరేంజ్‌మెంట్’. యుద్ధంలో పదిహేడేళ్లకే చూపు పోగొట్టుకున్న విన్సెంట్, అమ్మా అక్కలూ కలిసి పెళ్లి చేసేస్తారని భయపడి ఇంట్లోంచి పారిపోతాడు. వెళ్లిన ఊళ్లో ఒక కుటుంబం పన్నిన వల నుంచి అతన్ని తప్పించినందుకు, ఆ ఇంట్లోనే బతుకుతున్న దిక్కులేని అమ్మాయి సోఫియాను బయటికి గెంటేస్తారు. అతను పెళ్లి ప్రతిపాదిస్తాడు, ఓ ఏడాది తర్వాత కావాలంటే విడిగా ఉండొచ్చన్న ఒప్పందంతో. నాకు బాగా నచ్చింది సోఫియా ఆలోచనలు. చెరువు దాకా చేయి పట్టుకుని నడిచేలా కమ్మీ వేయించడం, దారి చూపడానికి కుక్కకు శిక్షణ ఇప్పించడం. జాలి కాదు, పనికొచ్చే పనులు. విన్సెంట్‌కు చూపు తిరిగి రాదు. అతనికి ఉన్నట్టుండి ఊపిరాడనంతగా వచ్చే టెన్షన్ కూడా పూర్తిగా పోదు. ఇద్దరూ కలిసి పిల్లలకు కథలు అల్లుకుంటూ దగ్గరవుతారు. భాష సులువు. అయితే హేయర్ పడకగది తలుపు తీయదు, బాలోగ్ తీస్తుంది. ఇంట్లో పిల్లలకు ఇచ్చే ముందు ఇది తెలిసి ఉండాలి. లోపం చెప్పాలంటే, ఇందులో మంచివాళ్లు మరీ మంచివాళ్లు. జెన్నీ కథలో ఉన్నట్టు లోపల గుచ్చుకునే ముల్లు లేదు.

సంప్రదాయాన్ని లెక్కచేయని హీరోయిన్ కావాలంటే చాలామంది హేయర్ 1950లో రాసిన ‘ది గ్రాండ్ సోఫీ’ చేతిలో పెడతారు. సోఫీ చురుకుదనం నాకూ ఇష్టమే. కానీ అందులో యూదు వడ్డీ వ్యాపారిని చిత్రించిన తీరు చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. అందుకే నేనది ఎవరికీ సూచించను. దాని బదులు ఒలీవియా వెయిట్ 2019లో రాసిన ‘ది లేడీస్ గైడ్ టు సెలెస్టియల్ మెకానిక్స్’ చదవండి. ఖగోళ శాస్త్రం చదువుకున్న లూసీకి, వితంతువైన ఓ కౌంటెస్‌కు మధ్య 1816లో సాగే ప్రేమకథ. ఇదీ పెద్దలకే. ఆ కాలంలో ఆడవాళ్లకు ఖగోళ శాస్త్రమేమిటి అనుకోకండి. ఖగోళ శాస్త్రజ్ఞురాలు కరోలిన్ హెర్షెల్‌కు 1787 నుంచే రాజుగారు ఏటా 50 పౌండ్ల జీతం ఇచ్చారు.

మొదటిసారి రీజెన్సీ నవల పట్టుకునేవాళ్లకు ‘ది అరేంజ్‌మెంట్’ మేలు. ఇంగ్లిష్ ధారాళంగా చదివేవాళ్లు, నవ్వుకోవాలనుకునేవాళ్లు ‘కొటిలియన్’ తీసుకోండి. ఈ మూడింట్లో గొప్పది ఏదంటే మాత్రం నా ఓటు జెన్నీకే. అయితే ఆ పుస్తకాన్ని మొదట చదవద్దు. మామూలు డ్యూకుల కథలు నాలుగైదు చదివి, జూలియాలాంటి అమ్మాయే ఎప్పుడూ గెలుస్తుందని అలవాటుపడ్డాక చదవండి.