ఇంట్లో చేసిన సోలార్ ప్యానెళ్లు: ఆరేళ్ల వాడకం తర్వాత

2019 ఏప్రిల్‌లో తిరుపతి కొర్లగుంటలో మా మిద్దె మీద నేను సొంతంగా చేసిన రెండు సోలార్ ప్యానెళ్లు బిగించాను. ఒకటి మూడేళ్లు కూడా నిండకుండానే పోయింది, రెండోది ఆరేళ్లు దాటినా పనిచేస్తోంది. చేయాలనుకునేవాళ్లందరూ నన్ను సోల్డరింగ్ గురించే అడుగుతారు, ఆ టెన్షన్ నాకూ ఉండేది, కానీ ప్యానెల్‌ను చంపేది నీళ్లు.

ముందు సెల్స్ సంగతి, అంటే ఎండను కరెంటుగా మార్చే పలుచటి బిళ్లలు. ఆరంగుళాల పాలీ (పాలీక్రిస్టలైన్ సిలికాన్) సెల్స్ 80 ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పార్సిల్ విప్పేసరికే 5 పగిలి ఉన్నాయి, అమ్మినవాళ్లు పట్టించుకోలేదు. సెల్ మందం 0.2 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, వేయించిన అప్పడాన్ని పట్టుకున్నట్టు పట్టుకోవాలి. ఒక్కోటి అర ఓల్టు ఇస్తుంది, మంచి ఎండలో 8 ఆంప్స్ దాకా వస్తాయి. 36 సెల్స్ వరసగా కలిపితే 18 ఓల్టులు. 12 ఓల్టుల బ్యాటరీకి అంత ఎందుకంటే, సెల్ వేడెక్కేకొద్దీ ఓల్టేజీ పడిపోతుంది. జనవరిలో పొద్దున పదింటికి లోడ్ లేకుండా, అంటే ఏమీ తగిలించకుండా, 21 పైన చూపించిన నా ప్యానెల్ మే నెల మధ్యాహ్నం 19 దగ్గరే ఆగిపోయేది. ఒకట్రెండు సెల్స్ తగ్గించి డబ్బు మిగుల్చుకుందామంటే మన ఊరి ఎండాకాలంలో బ్యాటరీ నిండదు.

సెల్ ముందువైపు నెగటివ్, వెనక పాజిటివ్. ముందువైపు అతికించిన టాబింగ్ వైర్ (సెల్స్‌ను కలిపే సన్నటి రాగి పట్టీ) పక్క సెల్ వెనక్కి పోవాలి. టంకం బాగా పట్టడానికి ఫ్లక్స్ రాసి, సోల్డరింగ్ ఐరన్‌ను ఒత్తకుండా జార్చినట్టు లాగాలి, ఒకేచోట ఆనిస్తే సెల్ చిటుక్కుమంటుంది, కంటికి కనపడకపోయినా గీత పడిపోయినట్టే. నా చేతిలో మూడు సెల్స్ పోయాక మా ఆవిడ కూర్చుంది. తన చేయి నిదానం, రెండో ప్యానెల్‌లో సగానికి పైగా టంకం తనే పెట్టింది.

ఇప్పుడు అసలు విషయం. మొదటి ప్యానెల్‌కు మామూలు కిటికీ అద్దం, వెనక ప్లైవుడ్, చుట్టూ హార్డ్‌వేర్ షాపులో దొరికిన సిలికాన్ వాడాను. ఆ సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ లాంటి ఘాటు వాసన వచ్చింది, నేను పట్టించుకోలేదు. 2021 నవంబర్‌లో తిరుపతిని ముంచేసిన వానలు గుర్తున్నాయి కదా, ఆ వారం తర్వాత మిద్దె ఎక్కితే అద్దం లోపలివైపు ఆవిరి పట్టి ఉంది. నట్టెండలో 7 ఆంప్స్ ఇచ్చేది సంక్రాంతికల్లా 3కి దిగింది. విప్పి చూస్తే ప్లైవుడ్ ఉబ్బి ఉంది, రాగి పట్టీల మీద ఆకుపచ్చగా చిలుము, కొన్నిచోట్ల గోటితో గీరితే పట్టీ సెల్ నుంచి లేచొచ్చేసింది. ఆ ఘాటు వాసన ఎసిటిక్ యాసిడ్‌ది, అది రాగిని తినేస్తుంది. వాసన రాని న్యూట్రల్ రకం సిలికాన్ వేరే ఉంటుంది, అడిగి మరీ అదే తీసుకోండి. సెల్స్ అన్నీ ఒకే వరసలో ఉంటాయి కాబట్టి ఒక్క అతుకు చెడినా మొత్తం కరెంటు తగ్గిపోతుంది. పైగా ఆ అతుకు దగ్గరే వేడి పుడుతుంది, వెనక చెక్క ఉంటే అంటుకునే ప్రమాదం ఉంది. ప్లైవుడ్ వద్దేవద్దు.

రెండోదానికి టఫెన్డ్ గ్లాస్ (గట్టిపరిచిన అద్దం), సెల్స్‌కు పైనా కిందా ఈవీఏ షీట్ (వేడికి కరిగి అతుక్కునే ప్లాస్టిక్ పొర), వెనక తేమ పోకుండా ఆపే బ్యాక్‌షీట్, అల్యూమినియం ఫ్రేమ్ పెట్టాను. ఫ్యాక్టరీలో గాలి మొత్తం పీల్చేసి 140, 150 డిగ్రీల వేడిలో అతికిస్తారు, నేను హాట్ ఎయిర్ గన్‌తో చేశాను, అందుకే బుడగలు మిగిలాయి. ఒక మూల పసుపు రంగుకు తిరిగింది, మొదట్లో 7 ఆంప్స్ వచ్చేది ఇప్పుడు ఐదున్నర. నీళ్లు మాత్రం లోపలికి పోలేదు. దక్షిణం వైపు 15 డిగ్రీల వాలు ఇచ్చాను, మన తిరుపతికి అది సరిపోతుంది. ట్యాంకు నీడ రెండు సెల్స్ మీద పడినా ఆంప్స్ సగానికి సగం పడిపోయేవి, చోటు మార్చాక సరిపోయింది.

రెండూ బాగున్న రోజుల్లో 150 ఏహెచ్ బ్యాటరీ మీద రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు తిరిగేవి. కరెంటు పోతే వీధంతా చీకటి, మా అమ్మ గదిలో ఫ్యాన్ ఆగేది కాదు. ఆ సంతోషం కోసం మళ్లీ చేయమన్నా చేస్తాను.

బిల్లు తగ్గించుకోవడానికైతే మాత్రం చేయకండి. నాకైన ఖర్చుకు ఈరోజు షాపులో పాతికేళ్ల వారంటీ ఉన్న ప్యానెలే వస్తుంది. ఇంటి మిద్దె మీద సోలార్‌కు కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉంది, అది మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన కంపెనీ ప్యానెళ్లకే ఇస్తారు, ఇంట్లో చేసినవాటికి రాదు. మేమూ నిరుడు ఆ పథకం కిందే పెట్టించుకున్నాం.

మా బావమరిది కొడుకు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, “మామా, నేనూ ఒకటి చేస్తా” అని పట్టుబట్టాడు. నాలుగు సెల్స్ వాడికిచ్చాను, రెండు ఓల్టులు వస్తాయి. ముందు అవి అతికించి, అద్దంలో పెట్టి సీల్ చేసి, ఒక రాత్రంతా బకెట్ నీళ్లలో ముంచి తీసి చూపించమన్నా.