పండగ కానుకకు సోలార్ వస్తువు: ముందు ప్యానెల్ ఎక్కడుందో చూడండి

సంక్రాంతికి బట్టలతో పాటు ఏదైనా సోలార్ వస్తువు ఇవ్వడం మా కుటుంబంలో 2023లో మొదలైంది. ఆ ఏడాది బాపట్ల దగ్గరి ఊళ్లో ఉంటున్న అమ్మానాన్నలకు లాంతరు, ఇంజనీరింగ్ చదువుతున్న మేనల్లుడికి పవర్ బ్యాంక్, గుంటూరులోని అక్కయ్యగారింటికి మనిషి అలికిడికి వెలిగే గోడ దీపాలు కొన్నాను. కొనిచ్చినవాణ్ణి నేనే గనుక వాటి మంచిచెడ్డలన్నీ ఇప్పటికీ నా చెవిన పడుతూనే ఉంటాయి. వెలుగు ఎంత, బ్యాటరీ ఎంత, వాన నీటికి తట్టుకుంటుందా అన్న వివరాలు ప్రతి పెట్టె మీదా ముద్రించి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. ప్యానెల్ బ్యాటరీకి అతికించి ఉందా, లేక వైరుతో విడిగా వచ్చిందా అన్న ఒక్క సంగతి గురించే రాస్తాను. ఆ సంగతిని ఏ పెట్టె మీదా పెద్ద అక్షరాలతో వేయరు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో ముందే చెప్పడం మంచిది. సోలార్ ప్యానెల్‌కు ఎండ కావాలి, బ్యాటరీకి నీడ కావాలి. ఫోన్లలో, పవర్ బ్యాంకుల్లో ఉండే లిథియం అయాన్ బ్యాటరీలను మామూలుగా 45 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో చార్జ్ చేయకూడదని వాటి తయారీదారులే చెబుతారు. మన వేసవిలో గాలి ఉష్ణోగ్రతే 42, 43 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం, డాబా మీద ఎండలో పెట్టిన నల్లటి ప్లాస్టిక్ పెట్టె లోపల వేడి 60 దాటడం వింతేమీ కాదు. ప్యానెల్‌కు కూడా వేడి గిట్టదు. సిలికాన్ ప్యానెల్ 25 డిగ్రీలకు మించి వేడెక్కే కొద్దీ డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున తక్కువ కరెంటు ఇస్తుంది. అయితే ప్యానెల్ సాయంత్రానికి చల్లబడగానే మామూలు స్థితికి వస్తుంది, బ్యాటరీ మాత్రం అలా కోలుకోదు, పోగొట్టుకున్న సామర్థ్యం పోయినట్టే. ఈ రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టి ఎండలో పడేయమనడం, నా దృష్టిలో, వస్తువును అమ్మిన రోజే దాని ఆయుష్షు సగం కోసి అమ్మడం.

మేనల్లుడి పవర్ బ్యాంక్ సరిగ్గా అలాంటిదే. 20,000 ఎంఏహెచ్ బ్యాటరీ, వీపున ఫోనంత ప్యానెల్, పక్కన చిన్న టార్చి. ఇచ్చిన కొత్తలో హాస్టల్లో దానికి మంచి పేరు వచ్చింది. గోడకున్న ప్లగ్గు నుంచే చార్జ్ చేసుకునేవాడు కాబట్టి ఏ ఇబ్బందీ కనిపించలేదు. నేను కూడా ఆ ఏడాది మరో ఇద్దరు ముగ్గురికి అదే కొనమని చెప్పాను, ఆ సిఫారసు ఇప్పుడు చేయను. 2024 వేసవిలో పరీక్షలయ్యాక ఇంటికి వచ్చినప్పుడు, సోలార్ అని కొన్నదాన్ని ఒక్కసారైనా ఎండతో నింపి చూద్దామని, పెట్టెలో వచ్చిన కాగితంలో ఉన్నట్టే, ప్యానెల్ పైకి వచ్చేలా డాబా పిట్టగోడ మీద పెట్టడం మొదలుపెట్టాడు. కాగితంలో ఎండలో నేరుగా పెట్టమనే ఉంది, బొమ్మ కూడా వేశారు. కొన్నాళ్ల పాటు సాయంత్రం తీసి చూస్తే నాలుగు చిన్న లైట్లలో ఒకటి వెలుగుతుండేది, దానికే వాడు సంబరపడేవాడు. తరువాత ఒక సాయంత్రం దాన్ని బల్ల మీద పెడితే నిలకడగా నిలబడలేదు. అడుగుభాగం ఉబ్బి ఒక పక్కకు ఒరిగింది. మూత అంచు దగ్గర సందు ఏర్పడి, లోపలి బ్యాటరీ వెండిరంగు సంచిలా పొంగి కనిపించింది. అదృష్టవశాత్తు మా బావగారికి కొంచెం విద్యుత్ పని తెలుసు కాబట్టి, దాన్ని నొక్కనివ్వకుండా, మళ్లీ చార్జింగ్ పెట్టనివ్వకుండా, వరండాలో ఇసుక పోసిన ఇనుప డబ్బాలో పెట్టించారు.

వారంటీ గడువు ఇంకా ఉంది. సర్వీసు కేంద్రంలో కూర్చున్నాయన మర్యాదగానే మాట్లాడాడు, కాని వారంటీ కాగితంలోని ఒక వాక్యం చూపించాడు: అధిక ఉష్ణోగ్రతకు గురైన వస్తువులకు వారంటీ వర్తించదట. అదే పెట్టెలోని మరో కాగితం ఎండలో పెట్టమంటుంది, ఈ కాగితం ఎండలో పెడితే మాకు సంబంధం లేదంటుంది. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, ఎండ తగలకుండా సోలార్ చార్జింగ్ ఎలా చేయాలో చెప్పమని అడిగాను. నీడలో ఎండ తగిలేలా పెట్టాలని జవాబు వచ్చింది. ఆ జవాబును నేను ఇప్పటికీ మరిచిపోలేదు, క్షమించనూ లేదు. చివరికి, బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు 2022లో వచ్చాక పాడైన బ్యాటరీలను సేకరించే బాధ్యత ఉత్పత్తిదారుల మీదే ఉంది కదా అని గుర్తు చేస్తే, ఆ ఉబ్బిన వస్తువును మాత్రం తీసుకున్నారు. బదులుగా కొత్తది ఇవ్వలేదు, డబ్బు వెనక్కి రాలేదు.

అసలు ఆ చిన్న ప్యానెల్ వల్ల ఒరిగేది ఎంతో తరువాత లెక్క వేశాను. 20,000 ఎంఏహెచ్ అంటే 3.7 వోల్టుల లెక్కన 74 వాట్ అవర్లు, అంటే గంటకు ఒక వాట్ చొప్పున 74 గంటలు వాడుకునేంత విద్యుత్తు. ఫోనంత ప్యానెల్ నడినెత్తి ఎండలో ఒకటిన్నర వాట్ ఇస్తే గొప్ప. మన ప్రాంతంలో రోజుకు సగటున ఐదు గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు అందుతుందనుకున్నా, నష్టాలు పోను ఆరు వాట్ అవర్లకు మించి దక్కదు. అంటే ఖాళీ పవర్ బ్యాంకును కేవలం ఎండతో నింపాలంటే, మబ్బు లేకుండా, మధ్యలో వాడకుండా, పన్నెండు పదమూడు రోజులు ఆ వేడిలో కాల్చాలి. ప్లగ్గుకు పెడితే రాత్రికి రాత్రి అయ్యే పని ఇది. డిసెంబరు సెలవులకు అమెరికా నుంచి వచ్చే మన బంధువులు కూడా ఇవే తెచ్చి పంచుతుంటారు. విమానంలో వీటిని చేతిసంచిలోనే తేవాలి, అనుమతి అడగకుండా తేగలిగేది 100 వాట్ అవర్ల లోపువే. అంత జాగ్రత్తగా మోసుకొచ్చేటప్పుడు, వీపున ప్యానెల్ లేని మామూలు పవర్ బ్యాంకే తెస్తే అదే ధరకు ఇంకా మంచిది వస్తుందని వారికి మొహమాటం లేకుండా చెబుతున్నాను.

ఇక లాంతరు. ప్యానెల్ విడిగా, పొడవాటి వైరుతో వచ్చింది. లాంతరు గదిలో గూట్లో ఉంటుంది, ప్యానెల్ మాత్రం పెంకుల మీద దక్షిణానికి వాల్చి కట్టి ఉంటుంది. బ్యాటరీ కూడా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, మామూలు లిథియం అయాన్ రకాల కంటే వేడిని బాగా ఓర్చుకుంటుంది. కొన్నప్పుడు ఈ వైరు చూసి అమ్మ పెదవి విరిచింది, ఇంట్లో మరో తాడు వేలాడదీయడమెందుకని. ఇప్పటికీ లాంతరు మొదట్లో వెలిగినంత సేపు దాదాపుగా వెలుగుతోందంటే కారణం ఆ వైరేనని నా నమ్మకం.

దాని గొప్పతనం తెలిసింది 2023 డిసెంబరు 5న, మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు. కరెంటు ముందే తీసేశారు, తరువాత స్తంభాలు ఒరిగి చాలాసేపటి దాకా రాలేదు. నాన్నగారు ఫోనులో, వీధంతా చీకటిగా ఉంటే మన అరుగు మీదే వెలుతురు ఉందని, ఎదురింటివారు అన్నాలు కూడా ఇక్కడికే తెచ్చుకుని తిన్నారని చెబుతుంటే, ఆ ఏడాది నేను పెట్టిన ఖర్చులన్నింటిలో ఇదే సార్థకమనిపించింది. ఆ సంతోషంతో చాలామందికి తుపాను సమయంలో సోలార్ లాంతరును మించింది లేదని చెప్పాను. అందులో కొంత వెనక్కి తీసుకోవాలి. తుపాను మబ్బు పట్టిన ఆకాశం కింద ఏ ప్యానెల్ అయినా నామమాత్రంగానే పనిచేస్తుంది. సరిగ్గా కరెంటు లేని రోజుల్లోనే ఎండ కూడా ఉండదు. ముందుగా నిండి ఉన్న బ్యాటరీ వల్ల, వెలుగు తగ్గించి వాడుకోవడం వల్ల లాంతరు నిలబడింది. అది కూడా మందగించే వేళకు ఎదురింటివారి కారులో ఉన్న ఫోను చార్జరు పిన్నుతో దాన్ని కాస్త నింపారు. యూఎస్‌బీ రంధ్రం లేని లాంతరైతే ఈ కథ ఇంకోలా ముగిసేది.

వైరు వల్ల కష్టాలు లేవని కూడా అనలేను. మా ఊళ్లో కోతుల బెడద ఎక్కువ. ఒకసారి ప్యానెల్‌ను పీకి పెంకుల మీది నుంచి కిందికి లాగాయి. అద్దం పగల్లేదు గాని వైరు కొసనున్న పిన్ను విరిగింది. చీరాలలో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు మామూలు డీసీ పిన్ను ఒకటి అతికించి, టీ ఖర్చులకన్నట్టు ఏదో తీసుకుని పంపేశాడు. పవర్ బ్యాంకుకు ఇలాంటి వైద్యం సాధ్యం కాలేదు, ఎందుకంటే అందులో అన్నీ జిగురుతో అతికించి ఉన్నాయి. ఐఐటీ బొంబాయి వారు విద్యార్థులకు సోలార్ దీపాలు పంచిన కార్యక్రమంలో దీపాల కూర్పు, మరమ్మతు రెండూ స్థానికుల చేతనే చేయించారు. చీరాల కుర్రాడి పని చూశాక ఆ ఏర్పాటులోని తెలివి నాకు ఇంకా బాగా అర్థమైంది.

గోడ దీపాల విషయంలో నా సూత్రం కొంచెం సడలుతుంది. వాటికీ ప్యానెల్ నెత్తినే అతికించి ఉంది, అయినా పనిచేస్తున్నాయి. గోడకు బిగించి ఉండడం వల్ల వెనక గాలి ఆడుతుంది, రోజంతా నడినెత్తి ఎండ తగలదు, అలికిడి ఉన్నప్పుడే వెలుగుతాయి కాబట్టి బ్యాటరీ అంతగా అలసిపోదు. కాని అక్కయ్య వేసవిలో ఫోను చేసి, పండగకు అంత బాగా వెలిగినవి ఇప్పుడు తొమ్మిదింటికే ఆరిపోతున్నాయని అంది. ఎండాకాలంలో ఎండ చాలకపోవడమేమిటని మొదట నవ్వుకున్నాం. జనవరిలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, కాబట్టి దక్షిణపు గోడకు సన్‌షేడ్ కింద బిగించిన దీపానికి కూడా ఎండ ఏటవాలుగా తగులుతుంది. మే నెలలో మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు, అప్పుడు అదే సన్‌షేడ్ నీడ దీపాల మీద పడుతుంది. సంక్రాంతి రోజున అలాంటి చోట బిగించి పరీక్షించే ఎవరికైనా ఇదే జరుగుతుంది. సన్‌షేడ్ అంచు దాటేలా ముందుకు జరిపి బిగించాక రాత్రంతా సరిపోతున్నాయి.

ఇదంతా మా ఇళ్ల పరిస్థితిని బట్టి చెబుతున్న మాట. మా వాళ్లకు పెంకుటిల్లు, డాబా, ఎండ, ప్యానెల్ కట్టిపెట్టే నాన్నగారి ఓపిక ఉన్నాయి. హైదరాబాదులో ఉత్తరం వైపు బాల్కనీ మాత్రమే ఉన్న అపార్ట్‌మెంట్ వారికి వైరున్న లాంతరు ఇచ్చినా అది అలమరలోకే పోతుంది, వారికి ప్లగ్గుతో నిండే మామూలు ఎమర్జెన్సీ లైటే మేలు. ఎండాకాలమంతా వాహనంలో తిరిగేవారికి సోలార్ అని రాసి ఉన్న ఏ పవర్ బ్యాంకూ ఇవ్వను. ఊళ్లో పెద్దవాళ్లుంటే, ప్యానెల్ విడిగా ఉండి, యూఎస్‌బీ రంధ్రం కూడా ఉన్న లాంతరు దొరికితే, ధర కొంచెం ఎక్కువైనా తీసుకుంటాను. వచ్చే సంక్రాంతికి మా పిన్నిగారింటికి అదే అనుకుంటున్నాను, అయితే వాళ్ల ఊళ్లోనూ కోతులు ఉన్నాయట, కాబట్టి దానితో పాటు ఒక పిన్ను అదనంగా కొనాలి.