చేతికి నగదా, ఖాతాలో జమా?

ప్రభుత్వ సొమ్ము నగదుగా వస్తే చాలా చేతులు మారాలి. ప్రతి చేతికీ కొంత అంటుకుంటుంది. నేరుగా ఖాతాలో పడితే ఆ చేతులు తగ్గుతాయి. 2009లో అఫ్గానిస్తాన్‌లో కొందరు పోలీసులకు జీతం మొబైల్ ఫోన్ ద్వారా ఇస్తే, జీతం పెరిగిందని అనుకున్నారు. పెరగలేదు, అంతకుముందు పైవాళ్లు కొంత నొక్కేసేవారు! తలచుకుంటే కడుపు మండుతుంది.

అలాగని ఖాతా ఒక్కటే రక్షణ కాదు. అది తెరవడానికే లంచం అడిగితే పేదవాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. లోన్ మంజూరుకు కమీషన్ అడిగితే వడ్డీ మీద అదో భారం. నగదుతో ఉన్న మేలు, కాగితాలు అక్కర్లేదు. అయినా నేను ఖాతావైపే. ఎంత పడిందో రికార్డు ఉంటుంది, తక్కువైతే నిలదీయొచ్చు.