కోవూరులో మా ఫైబర్ నెట్ ఎట్టా ఉంది, ఫైబర్ కంపెనీల షేర్ల సంగతేంది

నెల్లూరు పక్కన కోవూరు సైడు ఫైబర్ కనెక్షన్ తీసుకోవాలా వద్దా అని అడుగుతున్నారు కదా, వాళ్ల కోసం రాస్తన్నా. ఇది పెద్ద కంపెనీది కాదు, మా వీధిలో టీవీ కేబుల్ ఇచ్చే అన్నే ఇప్పుడు నెట్ కూడా ఇస్తండాడు. పేరు రాయను, రేపు బిల్లు కట్టడానికి మళ్లీ ఆయన మొహమే చూడాల. 100 ఎంబీపీఎస్ ప్లాన్ నెలకి 589, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 695 పడతాది. ఇంటికాడి నుంచి ఆఫీసు పని చేసుకునేవాడికి ఇది ఎక్కువేం కాదు. 2017 డిసెంబర్లో రాష్ట్ర సర్కారు వాళ్ల ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు 149 రూపాయలకే నెట్టూ టీవీ ఫోనూ అన్నారు, అప్పటి నుంచి మా వైపు ఎవుర్ని కదిలించినా ఆ 149 లెక్కే చెప్తారు, సరేలే.

స్పీడు సంగతి. పగలు 95 తగ్గదు, చెన్నైలో ఉండే మా ఆఫీసు సర్వర్‌కి పింగ్, అంటే సిగ్నల్ పోయి తిరిగొచ్చే టైము, మిల్లీసెకన్లలో సింగిల్ డిజిట్‌లోనే వస్తాది. గాజులో వెలుతురు సెకనుకి 2 లక్షల కిలోమీటర్లు పోతాది, నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు, అంటే పోను ఒక మిల్లీసెకను కూడా పట్టదు, రానూ అంతే, మిగతా టైమంతా మధ్యలో ఉండే డబ్బాలు తినేదే. రాత్రి ఎనిమిది దాటి మ్యాచ్ ఉందంటే మాత్రం 50, 60కి దిగిపోతాది. ఎందుకంటే ఆపరేటర్ దగ్గర ఫైబర్ మొదలయ్యే మెయిన్ డబ్బాలో ఒక్కో పోర్టుకి (జీపాన్ పోర్టు అంటారు) వచ్చేది దాదాపు 2.5 గిగాబిట్లు, దాన్ని స్ప్లిటర్, అంటే వెలుతురుని చీల్చి పంచే ముక్క, పెట్టి 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు, కాలవ నీళ్లు పంచినట్టే, అందరూ ఒకేసారి తూము ఎత్తితే ఎవరికీ నిండుగా రావు. దానికి తోడు ఆయన పైనుంచి కొనుక్కునే బ్యాండ్‌విడ్త్ కూడా లెక్కపెట్టే కొంటాడు. ఇది ఆయన ఒక్కడి తప్పు అనను, అందరూ చేసేదే.

నాకు మండింది రిపేరు దగ్గర. కోతల టైములో వరిగడ్డి ట్రాక్టరు ఒకటి మా సందులోకి వచ్చి, స్తంభం నుంచి ఇంటికి వచ్చే, కిందకి వేలాడే డ్రాప్ వైరుని గడ్డితోపాటు లాక్కుపోయింది. ఓఎన్‌టీ (ఇంట్లో పెట్టే ఫైబర్ డబ్బా) మీద సిగ్నల్ లేదని చెప్పే ఎల్ఓఎస్ లైటు ఎర్రగా కొట్టుకుంటా ఉంది, ఫోన్ చేస్తే ‘వస్తండా అన్నా’ అంటాడు, రాడు. మర్నాడు సాయంత్రం ఒక పిల్లోడు వచ్చాడు, వైరు గీకి, తెగిన చోట రెండు చివర్లకీ చేత్తో బిగించే ఫాస్ట్ కనెక్టర్లు నొక్కి కలిపేసి వెళ్లిపోయాడు. నెట్ వచ్చింది. రెండు వానలు పడేసరికి మళ్లీ ఎర్ర లైటు.

ఈసారి నేనే పక్కన నిలబడ్డా. ‘తమ్ముడూ, మీటర్ పెట్టి చూడు’ అంటే పెట్టాడు, వెలుతురు ఎంత వస్తందో చెప్పే ఆ మీటర్ మైనస్ 27 చూపించింది, మైనస్ అంకె పెరిగే కొద్దీ వెలుతురు తక్కువని. మామూలుగా మైనస్ 20 దగ్గర ఉండాల, 27, 28 అంటే ఓఎన్‌టీ గుడ్డిదైపోయే లెక్క. ‘స్ప్లైసింగ్ మిషన్ లేదా మీ దగ్గర’ అంటే ‘ఉంది అన్నా, నెల్లూరులో ఉంది, ఇంకో లైనుకి పోయింది’ అన్నాడు. ఫాస్ట్ కనెక్టర్ జాయింట్ దగ్గర అర డీబీ (వెలుతురు ఎంత తగ్గిందో కొలిచే లెక్క) దాకా పోవచ్చు, తేమ చేరితే ఇంకా పోతాది, స్ప్లైసింగ్ మిషన్‌తో కరిగించి అతికిస్తే 0.1 కూడా పోదు. మొత్తానికి మిషన్ తెప్పించి అతికించాడు, అప్పటికీ మైనస్ 24 కన్నా మెరుగవలా. చూస్తే గోడకి మేకు కొట్టి మిగిలిన వైరంతా దానికి బిగించి చుట్టేసుండాడు ఎవరో, మొదట కనెక్షన్ ఇచ్చినోడే అయ్యుంటాడు. అది విప్పి అరచేతంత చుట్టగా వదులుగా పెడితే మైనస్ 19కి వచ్చింది. మీ ఇంట్లో కూడా ఒకసారి చూసుకోండి, వైరు ఎక్కడన్నా గట్టిగా మడిచుంటే వెలుతురు అక్కడే బయటికి కారిపోతాది.

లోపల ఉండే గాజు పోగు మిల్లీమీటరులో ఎనిమిదో వంతు మందం, అందులో వెలుతురు నడిచేది నట్టనడి మధ్యన 9 మైక్రాన్లలోనే. 1966లో చార్లెస్ కావ్ అనే ఇంజనీరు లెక్కేసి, కిలోమీటరుకి 20 డీబీ కన్నా తక్కువ పోయే గాజు దొరికితే ఫోన్ మాటలు దీంట్లో పంపొచ్చు అన్నాడు, 1970లో కార్నింగ్ అనే అమెరికా గాజు కంపెనీ వాళ్లు ఆ గీత దాటారు, ఇప్పుడు మంచి పోగులో కిలోమీటరుకి పోయేది 0.2 డీబీనే. అంటే ఊళ్లు దాటి 20 కిలోమీటర్లు వచ్చినా పోయేదాని కన్నా మా వీధి స్తంభం మీద స్ప్లిటర్ పెట్టెలో పోయేదే ఎక్కువ. గాజుకి వంక పెట్టే పన్లేదు. కరెంటు పోతే మాత్రం నెట్ కూడా పోతాది, పాత ల్యాండ్‌లైన్ లాగా రాగి తీగలో కరెంటు రాదు కదా, 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి కొనుక్కోండి.

ఇంక షేర్లు. నెల్లూరులో మా బావ ఉండాడు, ట్రేడింగ్ పిచ్చి, తెగిన వైరు ముక్క మీద అచ్చేసిన కంపెనీ పేరు చదివి ‘బావా, ఊరూరా ఇదే వేస్తండారు, దీని షేర్లు కొంటే’ అని మొదలుపెట్టాడు. ఊరూరా వేసినంత మాత్రాన కంపెనీకి డబ్బు మిగలదు. గాజు దగ్గర్నుంచి కేబుల్ దాకా చేసేది స్టెర్‌లైట్ టెక్నాలజీస్, హెచ్‌ఎఫ్‌సీఎల్‌కి హైదరాబాదులో ఫైబర్ ప్లాంటు ఉంది, నెట్‌వర్క్ డబ్బాలు చేసేది టాటా వాళ్ల చేతికొచ్చిన తేజస్ నెట్‌వర్క్స్, పట్టాల పక్కన ఫైబర్ ఉండేది 2021లో ఐపీఓకి (మొదటిసారి షేర్లు అమ్మకానికి) వచ్చిన సర్కారు కంపెనీ రైల్‌టెల్‌కి. ఇవి నాలుగూ నాలుగు వేరే వ్యాపారాలు, బావ అన్నిటినీ ‘ఫైబర్ షేర్లు’ అంటాడు.

పోగు రేటు మన చేతిలో లేదు, చైనా ఫ్యాక్టరీలు ఎక్కువ తీస్తే పడిపోతాది, అందుకే 2023లో మన సర్కారు చైనా, కొరియా, ఇండోనేషియా ఫైబర్ మీద యాంటీ డంపింగ్ డ్యూటీ, అంటే మరీ చవగ్గా తెచ్చి పోసే సరుకు మీద అదనపు పన్ను, వేసింది. ఇంకోటి టెండర్లు. అదే ఏడు ఊళ్లకి ఫైబర్ వేసే కేంద్రం పథకం భారత్‌నెట్‌కి 1,39,579 కోట్లు ఒప్పుకున్నారు, ఆ అంకె చూసే చాలామంది ఎగబడ్డారు, కానీ ఆర్డరు రావడం వేరు, పని చేసి బిల్లు పెట్టి డబ్బు చేతికి రావడం వేరు, బ్యాలెన్స్ షీట్‌లో రావాల్సిన బాకీలు ఎన్ని నెలలవి ఉన్నాయో, ప్రమోటర్లు షేర్లు తాకట్టు పెట్టారో లేదో ముందు చూడాల. ఇప్పుడు ఏఐ డేటా సెంటర్ల కోసం ఫైబర్ గిరాకీ పెరిగింది, 2024లో లూమెన్ అనే అమెరికా కంపెనీ కార్నింగ్ ఉత్పత్తిలో పదో వంతు ముందే రిజర్వ్ చేసుకుంది, అది నిజమే. అదే కార్నింగ్ షేరు 2000లో 100 డాలర్లు దాటి, 2002లో డాలరు దగ్గరికి పడింది, ఇంటర్నెట్ వాడకం మాత్రం ఆ రెండేళ్లూ పెరగతానే ఉంది. ఇది చెప్తే బావ రెండ్రోజులు మాట్లాడలా.

నా రేటింగ్ అయిదుకి మూడు. స్పీడుకి నాలుగిస్తా, రిపేరుకి రెండే. కనెక్షన్ తీసుకునే ముందు స్ప్లైసింగ్ మిషన్ సొంతదా అద్దెదా అని అడగండి, పెట్టిన రోజే మీటర్ రీడింగ్ ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత గొడవకి పనికొస్తాది. ఆరు నెలలది ఒకేసారి కడితే ఒక నెల ఫ్రీ అంటాడు, కట్టబాకండి, నెలనెలా కట్టేవాళ్ల ఫోనే ఎత్తతాడు.